మెడిసిన్ సీటొచ్చిందా? అనాటమీ పుస్తకం పక్కన పెట్టు, ఆశా అక్క వెంట నడువు

నీట్ ఫలితాలు వచ్చాయంటే చాలు, నల్లగొండలో తెలిసినవాళ్ల నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, పిల్లకు సీటొచ్చేటట్టుంది, క్లాసులు మొదలయ్యేలోపు ఏం చదివించాలె?" కౌన్సెలింగ్, ఆలిండియా కోటా, వెబ్ ఆప్షన్లు, బోనఫైడ్ల తిప్పలు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. జూన్‌లో ఫలితాలొస్తే కాలేజీలో అడుగుపెట్టేసరికి సెప్టెంబరో అక్టోబరో అవుతుంది. మధ్యలో మూడు నెలల ఖాళీ ఉంటుంది. డాక్టర్ కాబోయే పిల్లకు మళ్లీ ముప్పై ఏళ్ల దాకా దొరకని ఖాళీ అది. దాన్ని తీసుకెళ్లి అనాటమీ పుస్తకంలో పోయకండి. ఊళ్లో పోయండి.

నేను డాక్టర్‌ను కాను. ఈ జిల్లాలో దవాఖానల చుట్టూ పాతికేళ్లు తిరిగిన విలేకరిని, షుగర్ ఉన్న తల్లికి కొడుకుని. ఈ మాట అనడానికి నాకు ఆ రెండు అర్హతలు చాలు.

మొన్న వానాకాలం మా అమ్మను ఓపీకి తీసుకెళ్లాను. ఏ దవాఖాన అన్నది ఇక్కడ అనవసరం. కుర్చీలో ఉన్న డాక్టర్ పాతికేళ్లు కూడా దాటని పిల్లవాడు, మంచివాడు, పొద్దున్నుంచి తలెత్తకుండా చూస్తున్నాడు. "అమ్మా, కాళ్లలో నంబ్‌నెస్ ఉందా? స్పర్శ తగ్గినట్టు అనిపిస్తుందా?" అని అడిగాడు. అమ్మ "లేదు సార్" అంది. ఆ వెంటనే "చెప్పు కాల్లకెళ్లి ఎప్పుడు జారిపోతుందో తెలుస్తలేదు సార్, నిన్న బజార్ల ఒంటి చెప్పుతోనే ఇంటికొచ్చిన" అని కూడా అంది. ఆయన "వదులైనట్టున్నాయి, కొత్తవి కొనుక్కో అమ్మా" అని చెప్పి మందులు రాశాడు. పక్కన బీపీ చూస్తున్న సిస్టర్ మాత్రం ఆ మాట విని ఆగింది. "అవ్వా, కాలు ఇటు పెట్టు" అని బొటనవేలి కింద చూస్తే అక్కడ తుమ్మముల్లు మొన విరిగి ఉంది, చుట్టూ తెల్లబారి చీము పట్టింది. ఎన్నాళ్ల కింద గుచ్చుకుందో అమ్మకే తెలియదు.

చెప్పు జారిపోయినా తెలియకపోవడం షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయని చెప్పే గుర్తుల్లో ఒకటి. ఆ పిల్లవాడు దాన్ని చదువుకునే ఉంటాడు, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుని ఉంటాడు. కానీ ఆయన చదివింది నంబ్‌నెస్ అని, ముందు నిలబడ్డ మనిషి చెప్పింది చెప్పు అని. ఈ రెండూ ఒకటేనని ఆయనకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

ఎంబీబీఎస్‌లో వార్డుల్లోకి వెళ్లిన మొదటి రోజుల్లోనే కేస్ షీట్ రాయడం నేర్పిస్తారు. అందులో పేరు, వయసు తర్వాత మొదట రాయాల్సింది రోగి చెప్పే బాధ, అదీ రోగి సొంత మాటల్లో. డాక్టర్ మాటల్లోకి మార్చడం ఆ తర్వాతి పని. ఇది వైద్యవిద్య పెట్టుకున్న సూత్రమే. దీని బరువు ఎంతో తెలియాలంటే 1975లో బ్రిటన్‌లో జరిగిన ఒక అధ్యయనం చూడండి. 80 మంది కొత్త ఔట్‌పేషెంట్లను తీసుకుంటే, వాళ్లను పంపిన డాక్టర్ రాసిన ఉత్తరం చదివి, వాళ్లు చెప్పింది విన్నాకే 66 మందిలో జబ్బేంటో తేలిపోయింది. ఒంటి మీద చెయ్యి వేయకముందే, పరీక్షలు రాయకముందే. అంటే డాక్టర్‌కు అన్నిటికన్నా ముందు పదును పెట్టాల్సింది చెవికి. మరి ఆ చెవిని మనం ఏ దశలో తయారుచేస్తున్నాం?

ఎక్కడా చేయడం లేదు. పైగా ఉన్నదాన్ని చెడగొడుతున్నాం. నా అసలు బాధ ఇదే. పదో తరగతి అయిపోగానే మునుగోడు, దేవరకొండ, కల్వకుర్తి, మక్తల్ పిల్లలను ట్రంకుపెట్టెతో సహా తీసుకెళ్లి హైదరాబాద్‌లో కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో పడేస్తాం. తెల్లవారుజాము స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే రెండేళ్లు, లాంగ్ టర్మ్ అయితే మూడేళ్లు. ఆ పిల్లలకు పండగ తెలియదు, చావు తెలియదు, తాత మంచాన పడ్డా చెప్పం, "పరీక్షలున్నయి, డిస్టర్బ్ అయితది" అంటాం. చేతికి 180 ప్రశ్నలు, గుండ్రాలు దిద్దే ఒక కాగితం ఇచ్చి 720కి ఎన్ని వస్తాయో చూస్తాం. రెండేళ్లు ఒక జవాబు నోటితో చెప్పకుండా, ఒక పేజీ సొంతంగా రాయకుండా బతికిన పిల్ల మెడికల్ కాలేజీకి పోయేసరికి అక్కడన్నీ వ్యాసరూప ప్రశ్నలు, నోటితో జవాబు చెప్పే వైవాలు. మొదటి ఏడాదిలో తడబడే పిల్లలందరికీ తెలివి తక్కువై తడబడటం లేదు. మాట పోయి తడబడుతున్నారు. ఊరు పోయింది, ఊరితోపాటు మాట పోయింది.

దీనికి అవతలి వాదన ఉంది. సిలబస్ సముద్రమంత, ముందే నాలుగు చాప్టర్లు చూసుకుంటే టెన్షన్ తగ్గుతుంది, తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు ఇంగ్లీషు భయం పోతుంది అని సీనియర్లు అంటారు. ఇంగ్లీషు సంగతి ఒప్పుకుంటాను. అలాంటి పిల్లలు రోజుకో పేజీ పైకి చదివి, మూసేసి, తమ మాటల్లో రాసుకుంటే నిజంగా మేలు. అనాటమీ సంగతి మాత్రం ఒప్పుకోను. డిసెక్షన్ హాల్లో శరీరం ముందు నిలబడి నేర్చుకోవాల్సిన పేర్లను ఇంట్లో మంచం మీద బట్టీ పడితే అవి వారం కూడా ఉండవు. కాలేజీ ఎట్లాగూ నేర్పించేదాన్ని ముందే పట్టుకుని, కాలేజీ నేర్పించలేనిదాన్ని వదిలేయడం ఏం లెక్క?

మరి ఏం చేయాలి? మీ మండలం పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) వెళ్లి మెడికల్ ఆఫీసర్‌ను అడగండి. "సార్, ఈ ఏడు ఎంబీబీఎస్‌లో చేరుతున్న, వారం రోజులు పొద్దున ఓపీలో ఓ మూల కూర్చుంటా" అంటే కాదనేవాళ్లు నాకు తెలిసి తక్కువ. కూర్చుని వినాలి, అంతే. సూది పట్టొద్దు, బీపీ పట్టీ కట్టొద్దు, సలహాలు ఇవ్వొద్దు. విన్నది బయట ఎవరికీ చెప్పొద్దు, ఇంట్లో అమ్మకు కూడా. సీటొచ్చిన పిల్లలను ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి పంపి "సూదులు ఇయ్యడం నేర్చుకో" అనే తల్లిదండ్రులను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. తప్పు చెయ్యి ఒకసారి అలవాటైతే మాన్పించడం కష్టం.

తర్వాతి వారం ఊళ్లో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త ఆశా అక్క వెంట నడవాలి. ఏ ఇంట్లో ఎవరికి ఎన్నో నెల, ఎవరు టీబీ గోలీలు మధ్యలో ఆపేశారు, ఎవరు బీపీ గోలీ రోజు విడిచి రోజు మింగి నెల గోలీలను రెండు నెలలకు సర్దుకుంటున్నారు, ఇవన్నీ ఆమెకు నోటికి వచ్చు. గోలీ ఎందుకు మానేశావని ఆమె ఎట్లా అడుగుతుందో చూడండి. గడప దగ్గర కూర్చుని ముందు బర్రె పాల గురించి, కూతురి పెళ్లి గురించి మాట్లాడి, అసలు సంగతి చివర్లో అడుగుతుంది. అప్పుడుగాని నిజం బయటికి రాదు.

చేతిలో ఒక నోట్‌బుక్ ఉండాలి. ఎడమ పక్క రోగి మాట, కుడి పక్క ఖాళీ. "పెయ్యి కాలుతుంది" అంటే జ్వరం. పుస్తకాల తెలుగులో పెయ్య అంటే ఆవుదూడ, పాలమూరు అవ్వకు పెయ్యి అంటే ఒళ్లు. "దమ్ము వస్తుంది" అంటే ఆయాసం. "కడుపుల దేవుతుంది" అంటే వికారం. ఆడవాళ్లు "బయట చేరిన" అంటే నెలసరి, అదీ మగ డాక్టర్ ముందు గొంతు తగ్గించి, తల తిప్పుకుని చెప్తారు. దేవరకొండ తండాల్లో లంబాడీ మాట, నారాయణపేటలో కన్నడం కలిసిన తెలుగు, అమ్రాబాద్ పెంటల్లో (అడవి గూడేల్లో) చెంచుల మాట, ఒక్కోచోట ఒక్కో తీరు. కుడి పక్క ఖాళీని ఇప్పుడే నింపాలని లేదు. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంది కదా, మెల్లగా నిండుతుంది.

నల్లగొండ పిల్లలైతే ఇంకో పని చేయాలి. మర్రిగూడ వైపు ఒకసారి వెళ్లిరండి. ఫ్లోరైడ్ పేరు చెప్తే మన జిల్లా గుర్తుకొస్తుంది, నీళ్లలోంచి దాన్ని తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు పెట్టిన పేరే నల్లగొండ టెక్నిక్. శివన్నగూడెం అంశల స్వామి 2023 జనవరిలో చనిపోయేదాకా ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయే జబ్బును ఒంటి మీద మోస్తూనే దాని మీద కొట్లాడాడు. ఆ ఊళ్లలో ముసలాయనను వెనక నుంచి పిలిచి చూడండి, మెడ తిప్పడు, మనిషి మొత్తం తిరుగుతాడు. గదవను ఎదకు ఆనించగలడా, మోకాళ్లు వంచకుండా ఒంగి కాలివేళ్లు ముట్టుకోగలడా, చేతులు చాపి తల వెనక్కి పెట్టుకోగలడా, ఎముకలు బిగుసుకున్నాయేమో చూడటానికి ఫీల్డ్‌లో చేసే పరీక్షలు ఇవే. మిషన్ భగీరథ పైలాన్ 2015లో చౌటుప్పల్లో లేచింది, నల్లా నీళ్లొచ్చాయి. అప్పటికే ఒంగిపోయిన వెన్నులు మాత్రం అట్లాగే ఉన్నాయి. మన జిల్లా బిడ్డ డాక్టరై ఇది పుస్తకంలో చూసి తెలుసుకుంటే నాకు సిగ్గుగా ఉంటుంది.

2014లో తెలంగాణ మొత్తం మీద సర్కారు మెడికల్ కాలేజీలు ఐదు ఉంటే, పాలమూరు, నల్లగొండ దిక్కు ఒక్కటీ లేదు. 2016లో మహబూబ్‌నగర్‌లో వచ్చింది, 2019లో నల్లగొండ, సూర్యాపేట, 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్, 2024లో నారాయణపేట, గద్వాల, యాదాద్రి. బీబీనగర్‌లో ఎయిమ్స్ సరేసరి. ముంబై బస్సెక్కే వలస జిల్లాలో కాలేజీలు కట్టింది ఆ జిల్లా జనానికి వైద్యం అందాలనే కదా! కానీ కాలేజీ ఊళ్లో ఉన్నంత మాత్రాన డాక్టర్ ఊరివాడు కాడు. మధ్యప్రదేశ్ 2022లో ఎంబీబీఎస్ పుస్తకాలను హిందీలో తెచ్చింది, మనమూ తెలుగులో తేవాలని కొందరంటున్నారు. నేను అంత దూరం పోను. పుస్తకం ఇంగ్లీషులోనే ఉండనీయండి, ఆర్టరీని ధమని అన్నంత మాత్రాన మా అమ్మ కాలు బాగుపడదు. రోగితో మాట్లాడే తెలుగును మాత్రం పరీక్ష పెట్టి నేర్పించాలి. మొదట్లో ఫౌండేషన్ కోర్సు అని ఉంది, అందులో స్థానిక భాష కూడా ఉంది. తర్వాత విద్యార్థులు ఊళ్లో కుటుంబాలను దత్తత తీసుకునే కార్యక్రమమూ ఉంది. వాటిని ఫోటోలకూ హాజరుకూ వదిలేయకుండా మార్కులు పెట్టి నడిపితే చాలు, కొత్త చట్టాలేం అక్కర్లేదు.

మిగతా తయారీ నాలుగు ముక్కల్లో అయిపోతుంది. హెపటైటిస్ బి టీకా వేయించుకోకపోతే ఇప్పుడే మొదలుపెట్టండి, మూడు డోసులు పూర్తవడానికి ఆరు నెలలు పడుతుంది. కళ్లు చూపించుకోండి. సొంత బట్టలు ఉతుక్కోవడం, అన్నం వండుకోవడం నేర్చుకోండి. రెండేళ్ల నిద్ర బాకీ ఉంది, అది కూడా తీర్చుకోండి.

మా వీధిలో ఒకమ్మాయికి ఈసారి సీటొచ్చింది. ఏ పుస్తకం కొనాలి అంకుల్ అని వస్తే ఇదంతా చెప్పాను. నమ్మిందో లేదో తెలియదు కానీ ఆశా అక్క వెంట నాలుగు రోజులు తిరిగింది. ఐదో రోజు నోట్‌బుక్ పట్టుకుని మా ఇంటికొచ్చింది. ఎడమ పక్క పదకొండు మాటలు, కుడి పక్క ఏడింటికి జవాబులు. మిగిలిన నాలుగూ నాకూ రాలేదు. లోపలికెళ్లి అమ్మను పిలిచాను, కట్టు కట్టిన కాలు మెల్లగా వేసుకుంటూ వచ్చి ఆ పిల్ల పక్కన కూర్చుంది.