హెల్మెట్‌కు ఆధారాలేవి?

నేను చదువుకున్నవాణ్ణి. ఆధారం లేనిదే ఏదీ తలకెక్కించుకోను, హెల్మెట్‌తో సహా.

హెల్మెట్ పెట్టుకుంటే చావు ముప్పు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు 69 శాతం తగ్గుతాయని వైద్య అధ్యయనాలను పోగేసి తూచే కాక్రేన్ సంస్థ 2008 సమీక్షలో తేల్చింది. అందులో పోగేసిన 61 అధ్యయనాల్లో ఒక్కటీ రాండమైజ్డ్ ట్రయల్ కాదు. అంటే, జనానికి లాటరీ వేసి, సగం మందిని ఉత్త తలతో బండెక్కించి చూసిన మొనగాడే లేడు. దెబ్బలు తగిలాక లెక్కపెట్టారంతే. ఇదీ ఒక సైన్సేనా?

అందుకే అమీర్‌పేట చౌరస్తాలో ట్రయల్ పెడదామంటున్నాను. బొమ్మ పడితే హెల్మెట్, బొరుసు పడితే ఉత్త తల. మనుషులు దొరకరేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. సాయంత్రం ఆరింటికి అక్కడ స్కూటర్‌ని మిర్చిబజ్జీల బండి దాటిపోతుంది. ఎవరికీ ఏమీ కాదు. హెల్మెట్ వల్ల తేడా లేదని రుజువవుతుంది. ఆ ఫలితాన్నే వరంగల్ హైవేకీ వర్తింపజేద్దాం.

నవ్వకండి. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ పారాచూట్ల మీద ట్రయల్ అచ్చేసింది. 92 మందిని అడిగితే 23 మంది ఒప్పుకుని విమానంలోంచి దూకారు. కొందరికి పారాచూట్, కొందరికి ఖాళీ సంచి. అందరూ క్షేమం. విమానం నేలమీద ఆగి ఉంది, ఎత్తు రెండడుగులు. రాసినవాళ్ళు ఎగతాళికి చేశారంటారు గానీ, పద్ధతిలో నాకు వంక కనిపించలేదు.

చిక్కల్లా కంట్రోల్ గ్రూపుతోనే, అంటే పోల్చి చూడ్డానికి ఉత్త తలతో వదిలేసినవాళ్ళతోనే. దూరంగా పోలీసు కనిపిస్తే చాలు, వెనక కూర్చున్న బావమరిది హెల్మెట్ లాగి పెట్టుకుంటాడు. మన హైదరాబాద్‌లోనే 2005లో 104 బస్తీలు ఎంచుకుని, లాటరీ వేసి, సగం బస్తీల్లోకే మైక్రోఫైనాన్స్ అప్పులు పంపారు. మిగతా సగం ఖాళీగా ఉంటే కదా పోల్చేది! అక్కడికి వేరే కంపెనీలు దిగి అప్పులిచ్చాయి. కుట్టుమిషను కొని నిలదొక్కుకున్న ఆవిడా, వాయిదాలు కట్టలేక చెవికమ్మలు తాకట్టు పెట్టిన ఆవిడా సగటులో కలిస్తే ఇద్దరికీ ఏమీ జరగనట్టే.

మొన్న చౌరస్తాలో కానిస్టేబుల్ ఆపాడు. నా హెల్మెట్ మోచేతికి వేలాడుతోంది. ట్రయల్ లెక్కల్లో మందు మింగాడా, అలమారలో దాచాడా అని చూడరు, ఏ గ్రూపులో పడితే ఆ గ్రూపే. అంచేత నేను హెల్మెట్ గ్రూపేనని ఓపిగ్గా వివరించాను.

ఆయన అంతా విని, "సరే సార్, పడేటప్పుడు మోచెయ్యి ముందు పెట్టండి" అంటూ ఫొటో తీసుకున్నాడు.