మతిమరుపు సభలో మరవకూడని పేర్లు

మొన్న సెప్టెంబర్ 21న, ప్రపంచ అల్జీమర్స్ దినం సందర్భంగా, మా కాలనీ సంక్షేమ సంఘంవారు కమ్యూనిటీ హాల్లో ఒక సహాయక బృందాన్ని ప్రారంభించారు. మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దవాళ్లని ఇంట్లో పెట్టుకుని చూసుకుంటున్నవాళ్లు నెలకోసారి కలిసి కష్టసుఖాలు చెప్పుకోవడం దాని ఉద్దేశం. ఈ ఉద్దేశం ఫ్లెక్సీ మీద కూడా ఉంది. పదమూడు మంది ఫొటోల కింద, టెంట్ హౌస్ ఫోన్ నంబరుకి కాస్త పైన, కళ్లజోడు పెట్టుకుంటే కనిపిస్తుంది.

సభ ఐదింటికి అన్నారు. నేను ఐదింటికే వెళ్లాను. ఇలాంటి తప్పులు చిన్నప్పట్నుంచీ చేస్తున్నాను. ఈసారి మాత్రం నాకు అవసరముంది. మూడు నెలలుగా మా అమ్మ నన్ను తన తమ్ముడనుకుంటోంది. తమ్ముడిగా నా పనితీరు మీద ఆవిడకి పెద్ద సదభిప్రాయం లేదు. 'అమ్మా, నేను నీ కొడుకునే' అని గుర్తు చెయ్యాలా, తమ్ముడిగానే సర్దుకుపోవాలా, ఎవరినైనా అడుగుదామని వెళ్లాను.

ఐదూ యాభైకి వ్యాఖ్యాత మైకు మీద మూడుసార్లు తట్టి, ముఖ్య అతిథిని వేదికను అలంకరించవలసిందిగా కోరాడు. తర్వాత విశిష్ట అతిథిని. తర్వాత గౌరవ అతిథిని. ఆ తర్వాత ఆత్మీయ అతిథుల్ని. ఈ నాలుగు జాతుల మధ్య తేడా ఏమిటో జీవశాస్త్రజ్ఞులు తేల్చాలి. వేదిక మీద ఏడు కుర్చీలే వేశారు కాబట్టి మా వరసల్లోంచి ప్లాస్టిక్ కుర్చీలు ఒక్కొక్కటే పైకి వెళ్లాయి. కుర్చీలతోపాటు మనుషులు కూడా వెళ్లారు. ఆరుంపావుకి లెక్కపెట్టాను. పైన పదమూడు మంది, కింద పదకొండు మంది. కింద మిగిలిన పదకొండు మందిమీ ఎవరమయ్యా అంటే, ఇంట్లో మతిమరుపు మనిషి ఉన్నవాళ్లం.

ఇక జ్యోతి ప్రజ్వలన. కుందిలో వత్తులు ఐదు. వెలిగించాల్సిన చేతులు పదమూడు. కొవ్వొత్తి ఒకటే. ముందుగా ఫ్యాన్లు ఆపించారు. సెప్టెంబర్ ఉక్కలో, మూసిన కిటికీల హాల్లో, ఒక్కొక్కరూ వచ్చి కొవ్వొత్తి పుచ్చుకుని, వత్తి వైపు కాకుండా కెమెరా వైపు చూస్తూ వెలిగించారు. అందుకని ఒకాయన ఐదో వత్తి అనుకుని పక్కనున్నాయన కండువా కొస దాకా వెళ్లొచ్చాడు. ఐదు వత్తులూ ఐదుగురికే సరిపోయాయి. మిగతా ఎనిమిది మంది వెలుగుతున్నవాటినే మళ్లీ వెలిగించారు. అంతా అయ్యాక ఫొటోగ్రాఫర్ తాపీగా, మెమొరీ కార్డు నిండిపోయిందనీ ఆఖరి నలుగురూ పడలేదనీ చెప్పాడు. ఆ సభలో జ్ఞాపకశక్తి గురించి వచ్చిన మొదటి ప్రస్తావన అదే.

ఆ నలుగురి మొహాలూ చూడాలి. కాబట్టి జ్యోతి ఆర్పి మళ్లీ వెలిగించాలని తీర్మానమైంది. కార్యదర్శి ఊదబోయాడు. 'నోటితో ఊదకూడదు, అరిష్టం, పువ్వుతో ఆర్పాలి' అన్నారు గౌరవ అతిథి. ముఖ్య అతిథికిచ్చిన బొకేలోంచి ఒక పువ్వు పీకారు. అది ప్లాస్టిక్ పువ్వు. ఆ కమురు కంపు సభ ముగిసేదాకా మాతోనే ఉంది, ఫ్యాన్లు మాత్రం లేవు. మళ్లీ వెయ్యడం మర్చిపోయారు.

అసలు అరిష్టం ఆ తర్వాత జరిగింది. ఆత్మీయ అతిథుల్లో ఒకాయన పేరు వ్యాఖ్యాతకి గుర్తు రాలేదు. 'మన... మన... అందరికీ సుపరిచితులైన...' అని ఆగిపోయాడు. ఆ పెద్దమనిషి నెమ్మదిగా లేచి, కండువా సర్దుకుని, మెట్లు దిగి, మా మధ్యలోంచి గేటు దాకా నడిచివెళ్లిపోయాడు. వెనకాలే శాలువా పట్టుకుని కార్యదర్శి పరిగెత్తాడు. ఆయన్ని పార్కింగులో పట్టుకుని రెండు స్కూటర్ల మధ్య సన్మానించి వెనక్కి తీసుకొచ్చారు. మతిమరుపు మీద సానుభూతి చూపడానికి పెట్టిన సభలో క్షమించరాని నేరం ఒక్కటే, మర్చిపోవడం.

తర్వాత ఉపన్యాసాలు. ప్రతివారూ 'డాక్టరమ్మగారు వివరంగా చెబుతారు కాబట్టి నేను ఎక్కువసేపు మాట్లాడను' అన్నారు. ఆ మాట అనడానికి ఒక్కొక్కరికీ పావుగంట పట్టింది. ఒకరు సెల్‌ఫోన్లని తిట్టారు. ఒకరు తొంభై ఏళ్లకి కూడా శతకాలు అప్పజెప్పిన తమ తాతగారిని తలుచుకున్నారు. ఒకరు సరస్వతి ఆకు గురించి చెప్పి, ఎవరికి కావాలన్నా తమ పెరట్లో ఉందన్నారు. పగబట్టి చెప్పకూడదు, ఆ సాయంత్రం ఎవరైనా ఇస్తానన్నది అదొక్కటే.

ఈ ఉపన్యాసాల మధ్య నా బుద్ధి ఎక్కడెక్కడికో పోయింది. 1935లో అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ అనే ఊళ్లో, ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు ఎదురుగా కూర్చుని తమ తాగుడు గురించి మాట్లాడుకున్నారు. ఒకాయన షేర్ల వ్యాపారం చేసి చెడినవాడు, ఇంకొకాయన సర్జన్. దాన్నుంచే ఏఏ అని పిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి మాట్లాడుకునే బృందం, పుట్టి లోకమంతా పాకింది, హైదరాబాదు దాకా వచ్చింది. ఆ మీటింగుల్లో ఫీజు లేదు, ఇంటిపేరు అక్కర్లేదు. అదే పని మా సంఘంవారు మొదలుపెట్టి ఉంటే? 'గత పాతికేళ్లుగా తాగుడు రంగానికి విశేష సేవలందించి, ఇల్లూ పొలమూ త్యాగం చేసిన మన ఆత్మీయ తాగుబోతుగారిని వేదికను అలంకరించవలసిందిగా...' ఇంటిపేరుతో సహా, ఫ్లెక్సీ మీద ఫొటోతో సహా. శాలువా కప్పేసరికి ఆయన మళ్లీ షాపు దారి పట్టేవాడు.

ఏడుంపావుకి డాక్టరమ్మకి మైకిచ్చారు. మన దేశంలో ఈ జబ్బు ఉన్నవాళ్లు సుమారు 88 లక్షల మంది ఉంటారని అంచనా అనీ, వాళ్లని చూసుకునే మనిషి ముందు తను నిద్రపోవాలనీ ఆవిడ చెబుతుండగా ఒక చీటీ వచ్చింది. చదివి, మాకు చదివి వినిపించకుండా మడిచేసింది. పక్క కుర్చీలో ఉన్న కార్యదర్శి మాత్రం మైకుకి వినబడేంత గట్టిగా, 'బజ్జీలు చల్లారిపోతున్నాయి మేడం' అన్నాడు. 'సమయాభావం వల్ల' అని డాక్టరమ్మ ముగించింది. సభికుల ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా పడ్డాయి. వందన సమర్పణ వాయిదా పడలేదు. టెంటు, మైకు, కుర్చీలు, బజ్జీలు, ప్రింటు మీడియా, ఎలక్ట్రానిక్ మీడియా... ఏ మీడియా? హాల్లో ఉన్నది మా మెమొరీ కార్డు కుర్రాడొక్కడే.

నా పక్క కుర్చీలో కూర్చున్నావిడ అప్పటికే వెళ్లిపోయింది. అరవై దాటి ఉంటుంది. చేతిలో చిన్న కాగితం, దాని మీద అడగాల్సినవి రాసుకుని తెచ్చుకుంది. భర్తకి ఈ జబ్బు వచ్చి నాలుగేళ్లు. పక్కింటి అమ్మాయిని ఏడింటిదాకా కూర్చోమని బతిమాలి వచ్చానని చెప్పింది. ఆరున్నర నుంచీ వాచీ చూసుకుంటూ, ఏడుకి అయిదు నిమిషాలుండగా కాగితం మడిచి పర్సులో పెట్టుకుని లేచింది. అప్పుడు వేదిక మీద ఏడో శాలువా కప్పుతున్నారు. చప్పట్లు కొట్టమని వ్యాఖ్యాత అడిగాడు. ఆవిడ లేచి నిలబడే కొట్టి వెళ్లింది.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. అయ్యా, ఆ రెండు గంటలూ ఆవిడ ఒకరి కాళ్లావేళ్లా పడి తెచ్చుకున్న అప్పు. నాలుగేళ్లుగా రాత్రి నిద్ర లేని మనిషి, ఒక్క మాట అడగడానికి మీ గడప తొక్కింది. మీరు ఆ అప్పు సొమ్ము శాలువాల్లో చుట్టుకుని తినేశారు. ఆవిడ ఉందని కూడా మీకు తెలియదు. మీ వేదిక ఎత్తు మూడడుగులే, అక్కణ్నుంచి కింద కూర్చున్న పదకొండు మొహాలు కనబడవా? సిగ్గనిపించదా?

మన దగ్గర ఇలాంటివి చేతకాక కాదు. నెల్లూరు జిల్లాలో 1990 ప్రాంతంలో అక్షర దీపం పేరుతో రాత్రి బళ్లు పెట్టారు. పగలంతా కూలికి వెళ్లిన ఆడవాళ్లు రాత్రి వచ్చి అక్షరాలు దిద్దుకున్నారు. వాచకంలో సీతమ్మ అనే ఆవిడ కథ ఉంది, మొగుడి సారా గురించి. చదివి, ఇది మా ఇంటి కథే అని మాట్లాడుకున్నారు. అంతే, మాట్లాడుకోవడమే. దూబగుంట రోశమ్మ లాంటివాళ్లు లేచి సారా దుకాణం మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వం సారాని నిషేధించింది. ఆ బళ్లలో జ్యోతి ప్రజ్వలన పెట్టి, సారా కాంట్రాక్టరుని గౌరవ అతిథిగా పిలిచి ఉంటే ఎంత నిండుగా ఉండేదో సభ.

మా బృందం రెండో సమావేశానికి హాలు దొరకలేదు. అక్టోబర్‌లో అదే రోజు హాల్లో వేరే కార్యక్రమం పెట్టారు. సహాయక బృందాన్ని స్థాపించినందుకు సంఘం అధ్యక్షులవారికి ఘన సన్మానం. మేం ఆరుగురం వాటర్ ట్యాంకు పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. ఆవిడ కూడా వచ్చింది. పర్సులోంచి అదే కాగితం తీసింది.

'సాయంత్రం అయ్యేసరికి ఆయన ఇంటికి వెళ్లిపోతానంటారు. ఇదే మనిల్లండీ అంటే కొట్టడానికి వస్తారు. ఏం చెప్పాలి?'

మేం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. బీ బ్లాకులో ఒక పెద్దాయన్ని చూసుకునే ఆయమ్మ, బెంచీ మీద చోటున్నా కిందే కూర్చున్నది, చెప్పింది.

'కాదని కొట్లాడొద్దమ్మా. పదండి సార్, ఇంటికి పోదాం అని చెప్పులు తొడిగి గల్లీ చివరిదాక తిప్పి తీసుకురావాలె. గేటు కాడ, ఇల్లొచ్చింది సార్ అంటే మంచిగ లోపలికొస్తరు. మా పెద్దసారుకి రోజూ అదే చేస్త.'

నలభై సెకన్లు పట్టి ఉంటుంది. ఆవిడ కాగితం మీద ఆ ప్రశ్న కొట్టేసి, రెండోది చదవడం మొదలుపెట్టింది. లోపల ఫ్యాన్లు ఆగాయి.