ఈస్టర్ నాటికి గసగసాల పువ్వులు ఎక్కడివి?

ఏటా ఈస్టర్ దగ్గరపడగానే అవే ఫొటోలు తిరుగుతాయి. తెల్ల జాకెట్టు మీద ఎర్ర గులాబీల ప్రింటు, తల మీద ప్లాస్టిక్ గసగసాల పువ్వుల కిరీటం, మెడలో ప్లాస్టిక్ ఎర్రపూసలు. కింద "ఉక్రెయిన్ సంప్రదాయ ఈస్టర్ దుస్తులు" అని రాస్తారు. కొందరైతే ఏకంగా "రష్యన్ డ్రెస్" అనేస్తారు. మొదటిది తెలియక చేసే తప్పు. రెండోది మాత్రం ఈ రోజుల్లో అస్సలు ఒప్పుకోలేనిది.

ముందు ఆ కిరీటం సంగతి. ఉక్రెయిన్‌లో ఈస్టర్‌ను వెలిక్‌డెన్ అంటారు, అంటే గొప్ప రోజు. 2025లో అది ఏప్రిల్ 20న వచ్చింది, 2026లో ఏప్రిల్ 12న. అక్కడి పొలాల్లో గసగసాలు పూసేది మే చివర్లో, జూన్‌లో. పొద్దుతిరుగుడు ఇంకా ఆలస్యం. పూలు దొరకని కాలంలో పల్లెల్లో మైనం పట్టించిన కాగితపు పువ్వులు, ఏడాదంతా పచ్చగా ఉండే బార్వినోక్ తీగ ఆకులు వాడేవారు. పైగా పూలకిరీటం పెళ్లికాని పిల్లలది. పెళ్లయిన స్త్రీ జుట్టు కనబడనివ్వదు: ఓచిపోక్ అనే టోపీ, దాని మీద రుమాలు. పాతకాలంలో అయితే నమిత్కా, 3 నుంచి 5 మీటర్ల పల్చటి తెల్లబట్ట తలకు చుట్టుకునేవారు. ఇద్దరు పిల్లల తల్లికి గసగసాల కిరీటం పెట్టి "ప్రామాణికం" అంటే ఎలా? "కిరీటానికి పన్నెండు రిబ్బన్లు, ఒక్కోదానికి ఒక్కో అర్థం" అనే జాబితా కూడా నమ్మకండి. ఉక్రెయిన్ మొత్తానికీ ఒకే కిరీటం ఎప్పుడూ లేదు, జిల్లాకొక తీరు.

అసలు ప్రాణం చొక్కాలో ఉంది. మనం విషివాంకా అని పిలుస్తున్న ఆ కుట్టుపని చొక్కా. ఉక్రెయిన్ అంటే ఎరుపు నలుపు క్రాస్ స్టిచ్ గులాబీలే అనుకుంటారు చాలామంది. ఆ గులాబీలు పల్లెల్లో బాగా పాకింది 19వ శతాబ్దం చివర్లో. బ్రోకార్ అనే సబ్బుల కంపెనీ సబ్బుతో పాటు అచ్చు నమూనాలు పంచింది, అందరూ వాటిని చూసి కుట్టారు. అంతకు ముందు పోగులు లెక్కపెట్టి కుట్టే పనే ఎక్కువ. మధ్య ఉక్రెయిన్‌లోని పోల్తావాలో తెలుపు మీద తెలుపు: పోగులు లాగి జాలీ చేయడం, చిన్న చిన్న గళ్లు కత్తిరించి అంచులు బిగించడం, పక్కన శాటిన్ స్టిచ్. దూరం నుంచి చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది, వెలుతురులోకి వస్తే చెయ్యి మొత్తం పూస్తుంది. పడమట బోర్షివ్ వైపు దీనికి పూర్తిగా ఎదురు, నల్ల ఉన్నితో చేతులు ఖాళీ లేకుండా నింపేస్తారు. ఈ రెండింటినీ ఒకే ఫొటోలో కలిపేవాళ్లకి కుట్టుపని మీద గౌరవం లేదనే అంటాను.

కొనేటప్పుడు భుజం చూడండి. భుజం మీద విడిగా ఒక పట్టీ వేసి, చేతిని సన్నటి కుచ్చులతో దానికి కలుపుతారు. అతి ముఖ్యమైన కుట్టు పడేది అక్కడే. కుచ్చులు లేకుండా మామూలు జాకెట్టులా చెయ్యి తగిలించేస్తే చెయ్యి పైకెత్తగానే చంక దగ్గర పట్టేస్తుంది, డిజైన్ వంకరపోతుంది.

పోల్తావా, కీవ్ వైపు కింద కట్టేది ప్లాఖ్తా. లంగా అనుకుని కుట్టించకండి, పాడవుతుంది. గళ్ల ఉన్ని బట్టను రెండు పొడుగు ముక్కలు చేసి, సగం దాకా మాత్రమే కలిపి కుడతారు. కుట్టిన సగం వెనక వైపు నడుముకి చుట్టుకుంటుంది. కుట్టని సగాలు నడుము దగ్గర మడిచి పక్కలకి రెక్కల్లా వదులుతారు. ముందు ఖాళీగా ఉంటుంది, అక్కడ జపాస్కా అనే ముందుగుడ్డ కడతారు. పైన ఉన్ని నడికట్టు. ఉన్ని బట్ట బరువు, శాటిన్ రిబ్బను జారిపోతుంది, సగం పూజ కాకముందే కట్టంతా కిందికి దిగుతుంది. గరుకుగా ఉన్న నేత పట్టీ, గట్టిగా రెండు చుట్లు. చొక్కా అంచు కింద నాలుగు వేళ్లయినా కనబడాలి, అక్కడ కుట్టు పెట్టిందే అందుకు.

ఇక పగడాలు. నమిస్తో అంటే మెడలో పేర్లు పేర్లుగా వేసే హారం, అందులో పగడానిదే పెద్దపీట. మధ్యధరా సముద్రపు పగడం ఎన్నో వందల ఏళ్లుగా మన దేశానికీ వచ్చింది, నల్లపూసల మధ్య పగడం గుచ్చుకునే మన ఆడవాళ్లకి దాని విలువ వేరే చెప్పక్కర్లేదు. మంచి పగడాల హారం జత ఎడ్ల ధర పలికేదని ఉక్రెయిన్ పల్లెల్లో చెప్పుకునేవారు. మధ్యలో పెద్ద గింజలు, మెడ వెనక్కి పోయేకొద్దీ చిన్నవి. ఒక్కో పేరు పైదానికంటే రెండు మూడు సెంటీమీటర్లు పొడుగుండాలి, లేకపోతే ఒకదాని మీదికొకటి ఎక్కి ముద్దయిపోతాయి. ద్నీప్రో నదికి తూర్పున, చెర్నిహివ్, పోల్తావా వైపు, నడుమ దుకాచ్ వేలాడుతుంది, పైన లోహపు బో, కింద నాణెం లాంటి పతకం. మన కాసులపేరు తెలిసినవాళ్లకి నాణేన్ని నగగా వేసుకోవడంలో వింతేముంది?

అసలు పగడం చల్లగా, బరువుగా తగులుతుంది. ప్లాస్టిక్ తేలిక, చేతిలో వెంటనే వెచ్చబడుతుంది. అసిటోన్ తడిపిన దూదికి ఎరుపు అంటితే రంగేసిన సరుకే. నిమ్మరసంతో పరీక్ష మాత్రం చేయకండి, పగడం సున్నపు పదార్థం, పులుపు తగిలితే మెరుపు చచ్చిపోతుంది. సెంటు కొట్టుకున్నాకే హారం వేసుకోవాలి.

కార్పాతియన్ కొండల్లో, హుత్సుల్ వాళ్ల దగ్గర తీరే వేరు. ఏప్రిల్‌లో అక్కడ చలి, చొక్కా మీద కెప్తార్ అనే చేతుల్లేని గొర్రెతోలు కోటు. మెడలో పగడాల కంటే జ్గార్దా, ఇత్తడి శిలువలు వరుసగా గుచ్చిన హారం. చెమట తగిలితే ఇత్తడి తెల్ల నారబట్ట మీద పచ్చమరక వేస్తుంది, అందుకే కోటు మీద పడేలా వేసుకోండి.

చర్చిలో దీవెనకి పెట్టే ఈస్టర్ బుట్టల్లో కొవ్వొత్తులు వెలుగుతుంటాయి, చొక్కా చేతులేమో వెడల్పు. మైనం పడితే వేడి ఇస్త్రీ పెట్టకండి, ఎర్ర దారం రంగు తెల్లబట్టలోకి దిగుతుంది. మంచుతో గట్టిపరచి గోటితో గీకండి. ఉతికేముందు తడి తెల్లగుడ్డతో ఎర్ర కుట్టు ఒత్తి చూడండి. ఇస్త్రీ ఎప్పుడూ లోపలి వైపు నుంచి, కింద మందపాటి తువ్వాలు వేసి, లేకపోతే ఉబ్బెత్తు కుట్టంతా అణిగిపోతుంది.

ఇన్ని దొరకవంటారా? ఒక మంచి చొక్కా, తలకు రుమాలు, ఒక్క పేరు పగడాలు చాలు. కిరీటం వదిలేయండి. 2022 నవంబరులో ఉక్రెయిన్ నగరం ఖెర్సోన్ నుంచి వెళ్లిపోయే ముందు రష్యా సైన్యం అక్కడి మ్యూజియంలను దోచుకుపోయింది. ఆ దేశపు చొక్కా కింద "రష్యన్ డ్రెస్" అని రాసే ముందు ఆ సంగతి ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఫొటో కింద దేశం పేరుతో పాటు జిల్లా పేరు కూడా రాయండి: పోల్తావా, బోర్షివ్, కోసివ్, ఏదైతే అది.