ఒంటి చెప్పు

చెప్పులు పోకుండా ఉండటానికి మా నాన్న నేర్పిన ఉపాయం ఒకటుంది. ఎడమది ఒకచోట, కుడిది ఇంకోచోట విడవాలి. ఒంటి చెప్పుని ఏ దొంగా ఎత్తుకుపోడు. పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో ఇన్నేళ్లూ నన్ను కాపాడిన ఉపాయమే మొన్న ఆదివారం శ్రీకాకుళంలో మా చర్చి దగ్గర కూడా వాడాను. కొత్త చెప్పులు మరి. ముందురోజే జీటీ రోడ్డులో అరగంట బేరమాడి 1,200 రూపాయలకి కొన్నాను. ఎడమది మందార చెట్టు కింద వదిలి, కుడిది కుళాయి పక్కనున్న ఇటుకల వెనక దాచి, బైబిలు చంకన పెట్టుకుని లోపలికెళ్లాను.

19వ శతాబ్దంలో మా వైపుకి వచ్చిన కెనడా బాప్టిస్టు మిషనరీలు బూట్లతోనే వచ్చి ఉంటారు గానీ, మెట్ల దగ్గర మాత్రం మన పద్ధతే నెగ్గింది. మండుతున్న పొద దగ్గర మోషేని కూడా దేవుడు చెప్పులు విడవమన్నాడు కదా. అయితే అక్కడ మోషే ఒక్కడే. చెప్పులు మారిపోతాయన్న టెన్షన్ లేదు. మా దగ్గర 200 మంది.

ఆ రోజు వాక్యం ఫిలిప్పీ పత్రిక, అంటే బైబిల్లో ఫిలిప్పీ సంఘానికి పౌలు రాసిన ఉత్తరం, 2వ అధ్యాయం. ఎవరి సంగతి వాళ్లే చూసుకోకుండా ఎదుటివాళ్ల మేలు కూడా చూడమని ఆయన చెరలో ఉండి రాసిన మాట. అక్కడి నుంచి పాస్టరు గారు యోహాను సువార్త 13వ అధ్యాయానికి వెళ్లి, యేసు శిష్యుల కాళ్లు కడిగిన సంగతి ఎత్తుకున్నారు. మట్టి దారుల్లో నడిచొచ్చిన వాళ్ల కాళ్లు కడగడం ఆ రోజుల్లో దాసుల పని, అందుకే పేతురు ముందు ఒప్పుకోలేదు అన్నారు. నేను తలూపుతూనే ఉన్నాను. ఆయన 'కాళ్లు' అన్నప్పుడల్లా నా మనసు ఇటుకల వెనక్కి వెళ్లి చూసొచ్చింది.

తరవాత సాక్ష్యాలు. నేను లేచి, "ఒకప్పుడు నాది, నాకు అనే స్వార్థం నాలో చాలా ఉండేది. ప్రభువు తీసేశాడు" అన్నాను. 'ఆమెన్' గట్టిగానే వినిపించింది. ఇంకోసారి వినిపిస్తుందేమోనని మరో నాలుగు మాటలు సాగదీశాను.

ఆరాధన అయ్యాక బయటికొస్తే గేటు దగ్గర గుంపు. మధ్యలో మా లెక్కల మాస్టారు. రిటైరై పదేళ్లు దాటింది. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, కర్రతో మురిక్కాలవ కెలుకుతున్నారు. రెండో చేతిలో నా ఎడమ చెప్పు.

"ఏటి మాస్టారూ, ఏటి పోయింది?"

"ఎవరిదో పాపం, కొత్త చెప్పు బాబూ. ఒకటే ఉంది. రెండోది కుక్క ఈడ్చుకుపోయినట్టుంది. పాటలప్పట్నుంచీ వెతుకుతున్నాను. చెత్తకుప్ప కూడా చూసేశాను."

పాటలప్పుడు ఆయన బయటెందుకున్నారని అడిగితే తెలిసింది, చెల్లాచెదురుగా పడున్న చెప్పుల్ని జతలుగా సర్ది, తొడుక్కునే వైపుకి తిప్పి పెట్టేది ప్రతి వారం ఆయనేనట. అవి వాటంతటవే అలా తిరిగి ఉంటాయని నేనెప్పుడూ అనుకోలేదు. అసలు ఏమీ అనుకోలేదు.

"నీయేనా బాబూ?" అన్నారు, నా ఉత్త కాళ్లు చూసి.

"కాదండి." సాక్ష్యం చెప్పి ఇంకా ముప్పావుగంట కాలేదు.

"మీవేమో చూడండి బ్రదర్" అన్నారు పాస్టరమ్మగారు. కాదండి. ప్రక్కన నిలబడ్డ సంఘపెద్ద కూడా అడిగాడు. ఆయనకీ అదే చెప్పాను. పేతురు మూడోసారి యేసుని ఎరగనన్నప్పుడు కోడి కూసినట్టు, అప్పుడు పక్కింటి కోడి కూసిందని రాస్తే బాగుండేది గానీ, కూయలేదు. దానికి బదులు సండే స్కూలు గుంటడొకడు కుళాయి దగ్గర్నుంచి కేకేశాడు. "దొరికిందండీ! ఎవులో ఇటికల ఎనకాల దాసీసినారు!"

మాస్టారి ముఖం వెలిగిపోయింది. రెండూ తుడిచి, జతగా మెట్టు దగ్గర పెట్టారు. జనం ఒక్కొక్కరే ఎవరివి వాళ్లు తొడుక్కుని వెళ్లిపోయారు. నేను గోడ మీది ప్రార్థన కూడికల బోర్డు రెండుసార్లు చదివాను. మూడోసారి తలెత్తి చూస్తే మిగిలింది ఒక చెప్పుల జత, చెప్పుల్లేని మనిషొకడు. లెక్కల మాస్టారికి అదేం పెద్ద లెక్క?

ఆయన మాత్రం, "ఎండ మండిపోతంది, తొడుక్కో బాబూ" అన్నారు. అంతే.

తొడుక్కోలేదు. కుళాయి దగ్గర మగ్గు తీసుకుని, మురుగు అంటిన ఆయన కాళ్ల మీద నీళ్లు పోశాను. వద్దు వద్దంటున్నా వంగి, చేత్తో రుద్ది కడిగాను. నిజం చెప్పాలంటే, ఎవరైనా చూస్తున్నారేమోనని మధ్యలో ఒకసారి వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. కొంచెం బాధగానే అనిపించింది.