ఐఎస్‌డీ రేట్లు వెంటనే పెంచాలి

తగ్గాల్సినవన్నీ పెరగడం మనకి అలవాటే. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, స్కూలు ఫీజు, ఇరానీ చాయ్, అన్నీ పెరిగాయి. దేనికీ మనం రోడ్డెక్కలేదు. కానీ పెరగాల్సిన ఒకే ఒక్క రేటు పాతికేళ్లుగా తగ్గుతూ తగ్గుతూ చివరికి సున్నా దగ్గర కూర్చుంటే కూడా ఊరుకోవడం బాధ్యత గల పౌరుల లక్షణం కాదు. నేను చెబుతున్నది విదేశాలకి ఫోన్ చేసే రేటు గురించి. డల్లాస్‌లోనో డబ్లిన్‌లోనో దుబాయ్‌లోనో ఒక మనిషి లేని ఇల్లు హైదరాబాద్‌లో దొరకడం కష్టం కాబట్టి, ఈ ఉద్యమం మొదలుపెట్టే హక్కు మన ఊరిదే.

స్వర్ణయుగం ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకి తెలియదు. 1990ల చివర్లో అమెరికాకి ఐఎస్‌డీ నిమిషానికి 60 రూపాయల పైమాటే. పసుపు బోర్డు తగిలించిన బూత్‌లో ఒక అద్దాల గది ఉండేది. తలుపు వేస్తే గాలి ఆడదు, తీస్తే మన సంసారం అమీర్‌పేట మొత్తానికీ వినపడుతుంది. ఎదురుగా మీటరు మీద ఎర్ర అంకెలు పరిగెడుతుండేవి. మా అత్తయ్య మామూలుగా పాలవాడితో అరగంట మాట్లాడే మనిషి. అలాంటిది ఆ అంకెల ముందు నిలబడితే చీటీ చూసుకుంటూ, "డబ్బులందాయి. నాన్నకి నయమైంది. చిన్నదానికి సంబంధం కుదిరింది, మాఘంలో పెళ్లి. స్వెట్టర్ వేసుకో. పెట్టేస్తున్నా" అని నిమిషం తిరక్కముందే బయటికి వచ్చేది. ఆరోగ్యం, ఆర్థికం, వివాహం, వాతావరణం, అన్నీ అయిపోయాయి. ఇంత క్లుప్తంగా మాట్లాడడం ఇప్పుడు ఏ యూనివర్సిటీ నేర్పిస్తుంది?

అంత కూడా పెట్టలేనివాళ్ళు మిస్డ్ కాల్‌తో పని కానిచ్చేవాళ్ళు. రెండు రింగులైతే విమానం దిగినట్టు, మూడైతే నువ్వే తిరిగి చెయ్ అని. ఖర్చు సున్నా, సమాచారం సంపూర్ణం.

ఈ క్రమశిక్షణకి కాపలా కాసింది విదేశీ కాల్స్ కలిపే సంస్థ విదేశ్ సంచార్ నిగమ్ గుత్తాధిపత్యం. దానికి 2002 మార్చి 31తో చెల్లుచీటీ రాశారు. ఆ మర్నాటి నుంచే ఇంటర్నెట్ టెలిఫోనీకి, అంటే ఇంటర్నెట్ మీద ఫోన్ చేసుకోవడానికి, అనుమతి ఇచ్చారు. అది ఏప్రిల్ ఒకటో తారీఖు అన్న సంగతి ఒక్కరైనా గమనించినట్టు లేదు.

తర్వాత కాలింగ్ కార్డుల రాజ్యం. మన పిల్లలు అక్కడి ఇండియన్ స్టోర్‌లో కందిపప్పుతో పాటు కార్డు కూడా కొనుక్కునేవారు. వెనక వెండి పూత గీకితే పిన్ నంబరు. ఐదు డాలర్లకి ఇన్ని గంటలని ముందువైపు పెద్ద అక్షరాలు. కనెక్షన్ చార్జీ, వారం వారం కోసుకునే మెయింటెనెన్స్ ఫీజు, రెండు మాటలు మాట్లాడినా మూడు నిమిషాలుగా లెక్కేసే పద్ధతి మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లో. ఆ గంటలన్నీ ఒకే కాల్‌లో మాట్లాడేస్తేనే దక్కేవి. మధ్యలో తల్లి "కుక్కర్ దింపి వస్తా, మళ్ళీ చెయ్" అందంటే సగం కార్డు కుక్కర్‌లోకే పోయేది. ఆ తర్వాత 2015లో వాట్సాప్ కాల్స్, 2016లో జియో రావడంతో మన పతనం పూర్తయింది.

అన్నీ ఫ్రీ అయిపోయాక చౌక కాల్ వెతికే విద్య అంతరించిందని చాలామంది అనుకుంటున్నారు. తప్పు. మా పెద్దనాన్న స్నేహితుడొకాయన బర్మింగ్‌హామ్‌లో ఉంటారు. స్మార్ట్‌ఫోన్ ముట్టరు, హాల్లో ల్యాండ్‌లైన్ మాత్రమే. ఆయనతో మాట్లాడాలంటే మా పెద్దనాన్న ముందుగా గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండే రిటైర్డ్ అకౌంట్స్ ఆఫీసరు గారి దగ్గర కూర్చోవాలి. ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఇలాంటి నిపుణుడు ఒకరుంటారు, వెతకండి.

"అమెరికా, కెనడా అయితే సెల్ అయినా ల్యాండ్‌లైన్ అయినా ఒకటే రేటండీ, అక్కడ వచ్చే కాల్ ఖర్చు సెల్ పట్టుకున్నవాడిదే. బ్రిటన్ అలా కాదు. సెల్‌కి చేస్తే వాళ్ళ కంపెనీ వాటా కూడా మన నెత్తినే. వాళ్ళ దేశం కోడ్ 44 తర్వాత ఏడు ఉంటే సెల్, ఒకటో రెండో ఉంటే ఇల్లు. మీ ఫ్రెండుది?"

"సున్నా ఒకటి రెండు ఒకటి..."

"ఆ సున్నా తీసేయండి!"

సున్నా తీసేశాక అసలు పరిశోధన మొదలవుతుంది. నెలవారీ ఐఎస్‌డీ ప్యాక్ లాభమా, యాప్‌లో క్రెడిట్ కొనడం లాభమా? 61 సెకన్లు మాట్లాడితే రెండు నిమిషాలు కోస్తారా? యాప్ వాడు డాలర్లలో అడుగుతాడు, బ్యాంకు కార్డులో విదేశీ వాడకం ఆఫ్‌లో ఉంటుంది, అది ఆన్ చేయడానికి ఓటీపీ కావాలి, ఓటీపీ వచ్చే ఫోను పెద్దమ్మ దగ్గర ఉంటుంది, పెద్దమ్మ గుడికి వెళ్ళింది. సాయంత్రానికి నిమిషానికి రూపాయి చొప్పున ఆదా ఖాయమైంది. కాల్ కలిసింది. అవతల ఆయన వాకింగ్‌కి వెళ్ళారట, ఆన్సరింగ్ మెషీన్ ఎత్తింది. నిమిషం కోసుకున్నారు. అయినా ఆ ఇద్దరు రిటైర్డ్ మనుషుల ముఖాల్లో వెలిగిన విజయగర్వం ఏ ఉచిత కాల్ ఇవ్వగలదు?

గల్ఫ్‌లో మనుషులున్న మన టోలిచౌకి వాళ్ళకి ఇదంతా కొత్త కాదు. దుబాయ్‌లో వాట్సాప్ మెసేజ్ వెళ్తుంది, కాల్ వెళ్ళదు. లైసెన్సున్న యాప్‌లో మాట్లాడాలి, లేదంటే మామూలు కాల్ చేసుకోవాలి. నా ఉద్దేశం నేను చెప్పకముందే గ్రహించిన ప్రభుత్వం అదొక్కటే.

చౌక మరీ ముదిరితే దొంగతనం అవుతుంది, దానికీ మన దగ్గర సాక్ష్యం ఉంది. విదేశం నుంచి కాల్‌ని ఇంటర్నెట్ మీద రప్పించి, ఓ గదిలో పెట్టిన సిమ్ బాక్స్, అంటే బోలెడు సిమ్ కార్డులు గుచ్చిన పెట్టె ద్వారా లోకల్ కాల్‌గా మార్చేస్తారు. విదేశం నుంచి వచ్చే కాల్‌కి ఇక్కడి కంపెనీకి కట్టాల్సిన సొమ్ము ఎగ్గొట్టడమే ఇందులో కిటుకు. ఆ సొమ్మును టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో నిమిషానికి 53 పైసల నుంచి 30 పైసలకి తగ్గించింది కూడా. పైసలకి ఇంత పట్టుదల! ఇలాంటి దొంగ ఎక్స్ఛేంజీలు మన ఊళ్ళో పోలీసులకి దొరికాయి. దీనివల్ల ఏమవుతుందంటే, చికాగో నుంచి కొడుకు చేస్తే తల్లి ఫోన్‌లో ఎవరిదో లోకల్ నంబరు కనిపిస్తుంది. శంకర్‌పల్లిలో ప్లాట్లు అమ్మేవాడనుకుని ఆవిడ కట్ చేస్తుంది.

ఇక ఉచిత వీడియో కాల్స్ సంగతి చూడండి. ఇక్కడ ఫోన్‌ని ఆవకాయ జాడీకి ఆనిస్తారు, అందులో సీలింగ్ ఫ్యాన్ తప్ప ఎవరూ కనిపించరు. అక్కడ పిల్లాడు ఆఫీసుకి కారు నడుపుతూ స్పీకర్‌లో ఉంటాడు. తండ్రి టీవీలో వార్తలు చూస్తుంటాడు. తల్లి ఏం వండావని అడుగుతుంది, నిన్న అడిగిన సంగతి ఇద్దరికీ గుర్తుండదు. "నువ్వే చెప్పు" అంటే "నువ్వే చెప్పు" అనుకుంటూ ముప్పావు గంట. వాడు ఉద్యోగం మారాడన్న సంగతి వారం తర్వాత పక్కింటావిడ చెబితే తెలుస్తుంది.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. అన్ని యాప్‌లకీ, అన్ని టవర్లకీ కలిపి నిమిషానికి 60 రూపాయలు పెట్టాలి. స్క్రీన్ మీద ఎర్ర అంకెలు పరిగెట్టడం తప్పనిసరి. పురుడు, పెళ్లి, ఆస్పత్రి కబురైతే మొదటి నిమిషం ఉచితం. కూర ఏం వండావన్న ప్రశ్నకి పూర్తి రేటు. గ్రీన్ కార్డ్ ఎప్పుడొస్తుందని అడిగితే రెట్టింపు, అడిగింది పెళ్లిళ్ల పేరయ్య అయితే నాలుగింతలు. ఫ్యాన్ చూపించినందుకు జరిమానా. బర్మింగ్‌హామ్ ల్యాండ్‌లైన్లకి మాత్రం మినహాయింపు ఇవ్వాలి, ఆ తరం వాళ్ళు మీటరు లేకపోయినా నాలుగు నిమిషాల్లో పెట్టేస్తారు. కర్రీ పాయింట్లుగా, జిరాక్స్ షాపులుగా మారిన పాత బూత్‌లలో కాలనీకి ఒకటి చొప్పున, అద్దాల గదితో సహా తిరిగి తెరిపించాలి. గాలి ఆడకూడదు.

అమెరికాలో ఎడిసన్‌లో ఉన్న మా బావమరిది ప్రతి ఆదివారం ఫోన్ చేసి అక్కడి రోడ్ల గురించి నాకు వివరిస్తుంటాడు. ఆయనకి వర్తించాల్సిన రేటు ఎంతో బహిరంగంగా రాయడం మర్యాద కాదు కాబట్టి, ఆ అంకెని, ఈ రేట్లు ఖాయం చేయడానికి కమిటీ వేస్తే దానికి, సీల్డ్ కవర్‌లో పంపుతాను.