ప్రపంచ ప్రభుత్వాన్ని పటాన్‌చెరు నుంచి మొదలుపెట్టాలి

ప్రపంచ ప్రభుత్వం ఊసెత్తితే చాలు, యుద్ధాలే ఉండవని కొందరు, మన నెత్తిన ఇంకో పెత్తనం దేనికని కొందరు మొదలుపెడతారు. ఏ పనికి, ఎవరి డబ్బుతో, ఏ ఓటు లెక్కతో అన్నది ఎవరూ అడగరు. ఒప్పుకున్నది చేయకపోతే ఎక్కడికి పోయి అడగాలన్నది అసలే అడగరు. నేను ప్రపంచ ప్రభుత్వం ఉండాలనే పక్షం. ఎందుకో మన ఊరి నుంచే చెప్తాను.

పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. శుద్ధి అయ్యాక సంగతి ఇది! ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అంత మందులో బతికి బయటపడ్డ బ్యాక్టీరియా ఇక ఆ మందుకు లొంగదు. నక్కవాగులోనో మంజీరలోనో ఆగిపోదు, మనుషుల వెంట ఏ దేశానికైనా పోతుంది.

మరి హద్దు ఎవరు పెట్టాలి? తెలంగాణ ఒక్కటే గట్టిగా పెడితే కిలోకు ఖర్చు పెరిగి ఆర్డర్లు గుజరాత్‌కు పోతాయి. భారత్ ఒక్కటే పెడితే చైనాకు పోతాయి. 2020 జనవరి ముసాయిదాలో కేంద్రం యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు ప్రతిపాదించింది, 2021 తుది నోటిఫికేషన్‌లో అవి లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది గానీ, పాటించకపోతే అడిగే నాథుడు లేడు.

ఇలాంటి చిక్కును ప్రపంచం ఒకసారి విప్పింది. ఓజోన్ పొరను తినేసే రసాయనాల మీద 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం నిలబడింది సదుద్దేశంతో కాదు, నిర్మాణంతో. ఏ రసాయనం ఎప్పటికి ఆపాలో గడువులు పెట్టారు. చేరని దేశాలతో ఆ సరుకు వ్యాపారం బంద్ అన్నారు, దాంతో బయట ఉండటమే నష్టమైంది. ఫ్యాక్టరీలు మార్చుకోడానికి పేద దేశాలకు నిధి పెట్టారు. ఆ నిధి 1990లో ఖాయమయ్యాకే 1992లో భారత్ చేరింది. సైన్యం లేదు, ప్రపంచాధ్యక్షుడు లేడు, అయినా 198 పక్షాలు అందులో ఉన్నాయి. నేను కోరే ప్రపంచ ప్రభుత్వం ఇలాంటిదే: ఒక్కో పనికి ఒక్కో అధికారం, ఆ పని దాటి అడుగు వేయకూడదు.

ఒకేసారి అన్నిటికీ ఒక సర్కారు అంటే ఓటు దగ్గరే బండి ఆగుతుంది. ఐక్యరాజ్య సమితి సాధారణ సభలో సుమారు 11 వేల జనాభా ఉన్న తువాలు అనే ద్వీప దేశానికీ ఒక ఓటే, 140 కోట్ల భారత్‌కూ ఒక ఓటే. అలాంటి సభ చేతికి పన్ను వేసే అధికారం ఎవరిస్తారు? సమితి 2025 సాధారణ బడ్జెట్ 372 కోట్ల డాలర్లు, మన తెలంగాణ బడ్జెట్‌లో దాదాపు పదో వంతు. జనాభాను బట్టే ఓట్లంటే భారత్, చైనా కలిసి మూడో వంతు పట్టుకుపోతాయి. మిగతావాళ్ల భయం మనకు కొత్తదా? 17 లోక్‌సభ సీట్ల రాష్ట్రంగా డీలిమిటేషన్ మీద, అంటే జనాభాను బట్టి సీట్లు మళ్లీ పంచడం మీద, మనం అంటున్నదీ అదే. నా ఓటు జనాభా వర్గమూలానికి. భారత్‌కు సుమారు 37,400, తువాలుకు 105 వస్తాయి. లక్ష రెట్లకు పైగా ఉన్న తేడా 350 రెట్ల దగ్గరికి దిగుతుంది.

సమితినే బాగుచేద్దామంటే చార్టర్ 108వ అధికరణం అడ్డం. సవరణకు ఐదు శాశ్వత సభ్య దేశాలూ ఒప్పుకోవాలి. వీటో పోవాలన్నా వీటో ఉన్నవాళ్లే సంతకం పెట్టాలి. అందుకే విడి ఒప్పందాల దారి.

అన్నిటికన్నా గట్టిగా అడగాల్సింది హామీల గురించి. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందంలో ముల్కీ (స్థానికుల) ఉద్యోగాలు, తెలంగాణ మిగులు నిధులు అన్నీ రాసుకున్నారు. తప్పారని ఒక పక్షం, లేదని ఇంకో పక్షం. తేల్చే చోటే లేదు. 1969 వచ్చింది, చివరికి 2014 వచ్చింది. ప్రపంచ ఒప్పందమైనా అంతే. కోర్టు లేకుండా, వైదొలిగే దారి రాసుకోకుండా ఎవరూ చేరకూడదు. కోర్టు పెట్టినా జడ్జీల నియామకానికి ఏకాభిప్రాయం కావాలనకూడదు. అమెరికా ఒక్కటే నియామకాలు ఆపితే ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీలు విభాగం 2019 డిసెంబరు నుంచి మూలపడింది.

తనిఖీలోనూ ఇలాంటి గోతులే ఉన్నాయి. రసాయన ఆయుధాల ఒప్పందంలో ఒక దేశం మరో దేశం మీద సవాలు తనిఖీ కోరవచ్చు. 1997 నుంచి ఒక్కరూ కోరలేదు, ఎందుకంటే కోరడమంటే వేలెత్తి చూపడమే. కాబట్టి రేపు యాంటీబయాటిక్ వ్యర్థాల మీద పెట్టుకునే ఒప్పందంలో ఎవరి ఫిర్యాదుతోనూ పనిలేకుండా, ఏ ఫ్యాక్టరీకి వెళ్లాలో లాటరీలో తీయాలి. శాంపిల్ ఉమ్మడి ప్లాంటు గొట్టం దగ్గర తీస్తే పనికిరాదు, అక్కడ అందరి నీళ్లూ కలిసిపోయి ఎవరిదెంతో తేలదు. నీళ్లు ఉమ్మడి ప్లాంటుకు పోయే ట్యాంకరు ఎక్కకముందే, ఫ్యాక్టరీ గేటు లోపలే తీయాలి.