మోడు అనే ముందు ఒక ఫొటో

మొన్న వీడియో కాల్‌లో ఫోన్ కిటికీ వైపు తిప్పితే మా అమ్మ, "అదేంట్రా, చెట్లన్నీ మోడైపోయాయి!" అంది. లేదమ్మా, ఆకు రాల్చాయంతే, వసంతానికి కావలసిన మొగ్గలు ఇప్పటికే కొమ్మల మీద ఉన్నాయి అని చెప్పాను. చెప్పాక ఎదురింటి ముందున్న యాష్ చెట్టు గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. అది నిజంగానే మోడవుతోంది.

అమెరికాలో మన మిన్నెసోటాలో అక్టోబర్ వస్తే మేపుల్ రంగుల కోసం గంటలకొద్దీ డ్రైవ్ చేస్తాం. మంచు పడగానే కెమెరా లోపల పెట్టేస్తాం. మన ఫొటోలతో మనం వేసుకునే క్యాలెండర్‌లో జనవరి పేజీకి కూడా ఎర్రటి ఆకులే! ఇక్కడ చెట్టును ఫొటో తీయాల్సింది చలికాలంలోనే అని నేనంటాను. అందులోనూ ముందు యాష్‌ను తీయాలి.

ఆసియా నుంచి వచ్చిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చటి పురుగును 2002లో మిషిగన్‌లో గుర్తించారు. 2009కల్లా మన రాజధాని సెయింట్ పాల్‌లో కనబడింది. దాని పిల్లపురుగులు బెరడు కింద తొలిచేస్తే చెట్టుకు నీళ్లు, ఆహారం అందవు. కొన్నేళ్లలో చచ్చిపోతుంది. మందు ఎక్కించి కాపాడేది కొన్నిటినే. ఆ పురుగుల కోసం వడ్రంగిపిట్టలు బెరడు పైపొర చెక్కేస్తాయి. ఆకులు రాలాక ఆ లేతరంగు మచ్చలు దూరం నుంచే తెలుస్తాయి. కొమ్మలు ఎదురెదురుగా జంటలుగా ఉండి, ముదిరిన బెరడు మీద డైమండ్ గళ్లు ఉంటే అది యాష్ అయి ఉంటుంది. మచ్చలు కనిపిస్తే ఆ ఫొటో సిటీ వాళ్లకూ పంపండి.

ఫొటోలో మంచు బూడిదరంగులో వస్తోందని వదిలేయకండి. అంత తెలుపు చూసి కెమెరా వెలుగు తగ్గించేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటోకి అందే వెలుగును, ఒకటి, ఒకటిన్నర స్టాప్ పెంచండి (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు). బ్యాటరీ చలికి తొందరగా దిగిపోతుంది కాబట్టి ఇంకోటి లోపలి జేబులో ఉంచుకోండి. ఇంట్లోకి వచ్చే ముందే కెమెరాను జిప్ కవర్‌లో పెడితే తేమ పట్టదు.

మా అబ్బాయి మొదటిసారి మంచుబొమ్మ చేసినప్పటి ఫొటోలో ఒక మూల ఇంకో యాష్ చెట్టు సగం కాండం కనబడుతుంది. ఆ యాష్‌ను పోయినేడాది కొట్టేశారు. అన్నేళ్లు దాని పక్కనే కారు పెట్టుకున్నాను. నా దగ్గర మిగిలింది ఆ సగం కాండమే.

వచ్చే క్యాలెండర్ జనవరి పేజీకి మీ వీధిలోని యాష్ ఫొటో పంపండి. కింద వీధి పేరు, తేదీ రాయడం మర్చిపోకండి.